కూపు బాటలో నలభై ఒక్క మెరుపులు

హఫీజ్‌పేట్

అడవిలో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు లోకానికి చెప్పి, వచ్చి వెతుక్కోండి అనడం ఒక ఆట. జియోకాషింగ్ అంటారు. దొరికినవాళ్లు డబ్బాలోని చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, మళ్లీ ఉన్నచోటే పెట్టి వస్తారు. బహుమతి ఏమీ ఉండదు. "మరి ఎందుకమ్మా?" అని మా సండే స్కూల్ పిల్లల తల్లులు అడుగుతుంటారు. వారమంతా నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తున కూర్చుని ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. చీకట్లో, చెట్ల మధ్య, తప్పు కానిది ఒకటి వెతికి పట్టుకుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

పోయిన చలికాలం మేమే ఒక డబ్బా దాచాం. నేను, మా ఆఫీసులో నా పక్క సీటు లత. మంచిర్యాల అవతల, ఒకప్పుడు టేకు కొట్టి బండ్లలో తోలిన అడవి అంచున. అది రాత్రిపూట మాత్రమే వెతకాల్సిన డబ్బా, వెబ్ పేజీలో బాట మొదలయ్యే చోటు మాత్రమే చెప్పాం. దారి పొడవునా చెట్ల బెరడుకు కందిబద్దంత పిన్నులు గుచ్చాం, మొత్తం నలభై ఒకటి. పగలు కనిపించవు. రాత్రి టార్చి వేస్తే ఒక్కొక్కటే నక్షత్రంలా వెలిగి దారి చూపుతుంది. ఆ బాటలో నడవడానికి అనుమతి తీసుకున్నాం, అటవీ శాఖ వాచర్ మాణిక్‌రావు మాతో వచ్చాడు. నడవడానికి అనుమతి ఉందంటే పిన్ను గుచ్చడానికీ ఉన్నట్టే అనుకున్నాను. ఆ తేడా నాకు తట్టలేదు.

మొన్న వానాకాలం చివర, అక్కడికి వెళ్లి తిరిగొచ్చిన ఒక జంట మా డబ్బా వెబ్ పేజీలో నాలుగు ముక్కలు రాశారు. "దగ్గరికి కూడా పోనివ్వలేదు. చెట్లకు దొంగ గుర్తులు పెట్టారట. పాత వాచర్‌ను పనిలోంచి ఆపేశారు."

అది చదివింది శనివారం రాత్రి. మర్నాడు నెల మొదటి ఆదివారం. ఆ రోజు మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన ఉంటుంది. ఎవరి మనసైనా మన వల్ల నొచ్చి ఉంటే, ముందు వెళ్లి దాన్ని సరిచేసుకున్నాకే బల్ల దగ్గరికి రావాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం, పిల్లలకు నేర్పుతున్నాం. రొట్టె పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు ముట్టుకోకుండా పక్కనున్న సుగుణమ్మ ఆంటీకి అందించాను. ఆవిడ ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి, ఆవిడ కంట ఏదీ దాగదు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పట్టుకున్నారు.

"ఏమ్మా, ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా?"

"మాట రాలేదండి ఆంటీ. నా వల్ల ఒకాయన పని పోయేలా ఉంది."

"అయితే ఇంకా ఇక్కడేం చేస్తున్నావ్?"

ఫోన్ చేశాను. మాణిక్‌రావు నంబరు పని చేయడం లేదు. చేసినా, ఇలాంటి మాట ఫోన్‌లో చెబితే చెల్లదని మాకు తెలుసు. నిజం ముఖాముఖి చెబితే పని అయిపోతుందని నాకు గట్టి నమ్మకం. గురువారం సెలవు పెట్టి, హఫీజ్‌పేట్‌లో లోకల్ రైలు ఎక్కి, దారిలో మంచిర్యాల బండికి మారాం, నేను, లత.

మంచిర్యాల

లత నానక్‌రామ్‌గూడలోనే పుట్టింది. టవర్లు రాకముందు వాళ్లవి గొర్లు, జొన్నచేలు. "మా తాత గొర్లు మేపిన జాగల నేను లిఫ్టు ఎక్కుతున్నక్కా" అని నవ్వుతుంది. పిన్నులు గుచ్చింది నేను, డబ్బా దాచింది తను. రైల్లో ఆ పంపకం గురించే వాదన.

"గుచ్చింది నువ్వు. నన్ను సాక్షిగ తీస్కపోతున్నవా, ముద్దాయిగనా?"

"భోజనాల కోసం తీసుకెళ్తున్నా."

"గట్లయితె ఫికర్ లేదు."

మంచిర్యాల స్టేషన్ బయట టీ పది రూపాయలు. మా ఆఫీసు కింద కాఫీ నూట ఎనభై, దానికి పేరు అడిగి కప్పు మీద రాస్తారు, అది కూడా తప్పు రాస్తారు. ఇక్కడి ముసలాయన పేరు అడగలేదు, "చక్కెర ఎక్కువనా తక్కువనా" అని అడిగి అన్నది అన్నట్టు చేశాడు. బండి మీద సీతాఫలాలు, గంప నూట యాభై. మా దగ్గర ఆ డబ్బుకు నాలుగు కాయలు, అవీ రాళ్లలా ఉంటాయి. లత బేరమాడి రెండు గంపలు కొంది. మనం వెళ్తున్నది క్షమాపణ అడగడానికి, ఫలహారాలు పంచడానికి కాదన్నాను. "వట్టి చేతులతోని పోయి మాఫీ అడుగుతరా ఎవరన్న?" అంది. ఈ విషయంలో దాని మాటే సబబని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అక్కడి నుంచి బస్సు, బస్సు దిగాక షేర్ ఆటో. ఆటో అతను కుర్రాడేమీ కాదు, యాభై దాటినవాడు, మాటకారి. వాచర్ ఊరు ఇప్పగూడ పేరు చెప్పగానే అద్దంలో మమ్మల్ని చూశాడు.

"ఆడికెందుకమ్మా? వజ్రాలు చూద్దామనా?"

"వజ్రాలేంది?" అంది లత.

"తెల్వదా? గా కూపు బాట పొంట చెట్లకు వజ్రాలు గుచ్చిండ్రట. రాత్రి లైటేస్తే మెరుస్తయట. టేకు దొంగలు గుర్తు వెట్టుకున్నరని ఒకరు, బంగారం పాతిండ్రని ఒకరు. పాపం మాణిక్‌రావు మీదికొచ్చింది."

లత నా తొడ గిల్లింది. నేను గొంతు సవరించుకున్నాను. "వజ్రాలు కావండి. ప్లాస్టిక్. అవి గుచ్చింది నేనే."

ఆటో ఆగిపోయింది. వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి ముందుకు వంగి నన్ను చూశారు. ఆటో అతను పూర్తిగా వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఎందుకు తల్లీ?"

ఇప్పగూడ చేరేదాకా ఆటను వివరిస్తూనే ఉన్నాను. దిగేటప్పుడు అతను నలభై రూపాయలు తీసుకుని, "ఏమనుకోకు గానీ, గిది మాణిక్‌రావు చెప్పినా ఎవరు నమ్మలే. నువ్వు చెప్పినా నాకు నమ్మబుద్ధి అయితలేదు" అన్నాడు.

నా నమ్మకానికి తగిలిన మొదటి దెబ్బ అది.

ఇప్పగూడ

పాతిక ఇళ్ల గోండు గూడెం. పేడతో అలికిన వాకిళ్లు మా ఫ్లాట్లలోని పాలరాయి కంటే శుభ్రంగా ఉన్నాయి. మాణిక్‌రావు ఇంటి పక్క పత్తిచేలో కలుపు తీస్తున్నాడు. ఖాకీ చొక్కా దండెం మీద, ఉతికి ఇస్త్రీ చేసినట్టు మడతతో వేలాడుతోంది. ఇరవై రోజులుగా దాన్ని తొడగలేదు.

నేను రైల్లో తయారు చేసుకున్న మాటలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పొరపాటు నాదని, మీకు చెప్పకుండా చేశానని, క్షమించమని. ఆయన కొడవలి పక్కన పెట్టి విన్నాడు.

"చెప్పకుంట ఏంది టీచరమ్మా, నేను చూసిన గదా నువ్వు గుచ్చంగ." అప్పటి పరిచయంలో సండే స్కూల్ సంగతి చెప్పినందుకు నన్ను టీచరమ్మా అంటాడు. "నీకు కాయితం ఉన్నదన్నవు. ఉన్నదనే అనుకున్న."

"అలాగని పై ఆఫీసర్‌కు చెప్పలేదా?"

"చెప్పిన. పట్నం నుంచి ఇద్దరు అక్కలొచ్చిండ్రు, చీకట్ల డబ్బ దాచిండ్రు, దానికి దారి అని. నువ్వయితె నమ్ముతవా?"



రాత్రి అన్నాలకు వాళ్లమ్మ లచ్చుబాయి జొన్నరొట్టె, పెసరపప్పు, నూరిన పచ్చిమిరప పెట్టింది. మాది గుంటూరు వైపు, కారం తినగలనన్న గర్వం ఉండేది. ఆ రాత్రితో పోయింది. సీతాఫలాలు చూసి లచ్చుబాయి పళ్లు బయటపెట్టి నవ్వింది. "గివి మా అడవియే. మా దగ్గర కొని, మీకు అమ్మి, మళ్ల మా ఇంటికే వచ్చినయి."

పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ కూపుల కాలం చెప్పింది. ఏటా అడవిలో ఒక ముక్కను కొలిచి నరకడానికి ఇచ్చేవారు, ఆ ముక్క పేరే కూపు. నరకాల్సిన చెట్టుకు గొడ్డలితో కాస్త బెరడు చెక్కి, ఇనుప సుత్తితో ముద్ర కొట్టేవారు. ఆవిడ భర్త ఆ సుత్తి మోసిన మనిషి. ముద్ర పడ్డ చెట్టు కింద ఆకు కూడా ఏరేవారు కాదట, ఎందుకంటే ఇక అది చెట్టు కాదు, సర్కారు కలప.

"ఇప్పుడు కూపులు లేవు. దొంగలున్నరు. ఆళ్లు గూడ పగలు చూసుకుని గుర్తు వెట్టుకుంటరు, రాత్రి వచ్చి కోస్తరు. నీ మెరిసే బొట్లు చూస్తే ఎవలన్న ఏమనుకుంటరు బిడ్డా?"

నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. పగలు కనపడకుండా, రాత్రి దీపానికి మాత్రం మెరిసే గుర్తు, అది కూడా వరసగా టేకు చెట్ల మీదే. ఆ అడవిలో అంతకంటే చెడ్డ రాత ఇంకొకటి రాయలేను.

"ఎడ్ల బండ్లు ఎన్ని పోయినయో ఆ బాట మీద" అంది ఆవిడ లేస్తూ. "ఎడ్లు పోయినయి, బండ్లు పోయినయి. చక్రాల గాడి మాత్రం పోలే."

సెక్షన్ ఆఫీసు

శుక్రవారం పొద్దున అటవీ శాఖ సెక్షన్ ఆఫీసర్‌ను కలిశాం. ముప్పై ఏళ్లుంటాయేమో, బిగుతుగా జడ వేసుకుని, బల్ల మీద ఒక గాజు సీసా ముందు పెట్టుకుని కూర్చుంది. సీసాలో మూడు పిన్నులు. మా పిన్నులే.

నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆమె అడ్డు తగలకుండా రాసుకుంది.

"బాగా చెప్పిన్రు. మాణిక్‌రావు కూడ ఇట్లనే చెప్పిండు" అంది. "మీరిద్దరు మాట్లాడుకొని చెప్పలేదని ఎట్ల అనుకోవాలె?"

"మేం అబద్ధం చెప్పమండి."

"అందరు గదే అంటరు మేడం. ఆయన చూపెడితె ఆయనే దాచిండంటరని, ఆయన లేకుంట డబ్బ కోసం రెండుసార్లు పగటిపూట వెతికించిన, దొరకలే. సోమవారం నేను పైకి రిపోర్టు పంపాలె. ఒక పని చెయ్యున్రి. ఇయ్యాల రాత్రి మీరు ముందు నడవున్రి. మీ పిన్నులు పట్టుకొని డబ్బ దగ్గరికి తీస్కపోన్రి. ఫోన్ చూడొద్దు. ఆయన వెనక వస్తడు, నోరు తెరవొద్దు. డబ్బ దొరికితె మీ మాట నిజం. లేకుంటె ఆయనను పనిలకెల్లి తీసేయుమని రాస్త."

"సరేనండి" అన్నాను వెంటనే. నేను దాచిన దారి నాకు తెలియదా? కళ్లు మూసుకుని వెళ్లగలను.

బయటికి వచ్చాక, వేపచెట్టు కింద లత నన్ను ఆపింది. దాని ముఖంలో నవ్వు లేదు.

"అక్కా, డబ్బల పుస్తకం యాదున్నదా? మొదటి పేజీ?"

గుర్తొచ్చింది. దాచే ముందు, ముచ్చటపడి, మొదటి పేజీలో "దారి చూపినవారు" అని రాసి మాణిక్‌రావు చేత సంతకం చేయించాను. నోటి మాట వేరు, పిన్నులు గుచ్చుతుంటే ఆయన చూసి కూడా ఆపలేదని ఆ చేతిరాత కంటే రుజువు ఉండదు.

"చింపేద్దాం" అంది లత. "డబ్బ తీసేటప్పుడు నేను లైటు అటు తిప్పుత. నువ్వు ఒక్క పేజీ లాగెయ్. తప్పు నువ్వు ఒప్పుకుంటున్నవు గదా, ఆయనను ఎందుకు ఇరికియ్యాలె?"

నిజం దాచకూడదని నా పెంపకం. కానీ నా పెంపకానికి ఇంకొకరి కూలి పణంగా పెట్టే హక్కు నాకు ఎక్కడిది? ఆ మధ్యాహ్నం లచ్చుబాయి ఇంటి వెనక మోకాళ్ల మీద చాలాసేపు ప్రార్థనలో ఉన్నాను. నాకు స్వరమేదీ వినిపించలేదు. ఒక సంగతి మాత్రం తేటగా కనిపించింది. అప్పుడూ ఆయన్ని అడగకుండానే చేశాను. ఇప్పుడు పేజీ చింపితే, అదీ ఆయన్ని అడగకుండా చేసేదే.

లేచి వెళ్లి అడిగాను. "మాణిక్‌రావు గారూ, పుస్తకంలో మీ సంతకం ఉంది. అది మీకు చెడు చేస్తుందేమో. ఏం చేయమంటారు?"

ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, మళ్లీ కలుపు వైపు వంగాడు.

"ఉండనియ్యి టీచరమ్మా. నేను వెట్టిందే గదా."

కూపు బాట

రాత్రి ఎనిమిదింటికి నలుగురం బయల్దేరాం. ముందు నేను, నా వెనక లత, తర్వాత ఆఫీసర్, చివర మాణిక్‌రావు. మేం దాచినప్పుడు టేకు ఆకు రాల్చి నిలువు కర్రల్లా ఉండేది. ఇప్పుడు ఒక్కో ఆకు చేటంత. పైన తెల్లని పూత, కింద మొలక మీద మొలక. మొదటి పిన్ను మెరిసింది. రెండోది మెరిసింది. పదకొండు దాకా ధీమాగా పోయాను, మధ్యలో ఆఫీసర్‌కు ఆట నియమాలు కూడా బోధించాను.

పన్నెండోది కుడివైపు దూరంగా మెరిసింది. అటు నడిచాను. దాని అవతల ఇంకొకటి, పొదలో కిందికి. మేం అంత కిందికి గుచ్చలేదే అనుకుంటూనే వంగాను. ఆ మెరుపు పక్కకు జరిగింది. ఇంకో నాలుగు మెరుపులు దానితో పాటు జరిగాయి.

"మీ పిన్నులకు కాళ్లు గూడ ఉన్నయా మేడం?" అంది ఆఫీసర్.

సాలీళ్లు. టార్చి కాంతికి వాటి కళ్లు అచ్చం మా పిన్నుల్లాగే వెలుగుతాయి. వానాకాలం చివర కావడంతో అడవి నిండా అవే. చుట్టూ లైటు తిప్పితే వందల నక్షత్రాలు. వెనక్కి చూస్తే వచ్చిన దారీ లేదు. లత నా చెయ్యి పట్టుకుంది. చివరన మాణిక్‌రావు నిలబడ్డాడు. నోరు తెరిస్తే ఒక్క మాటతో దారి చెప్పగలడు. తెరవలేదు. ఆయన బతుకు నా టార్చిలో ఉంది, నా టార్చి సాలీళ్లను చూపిస్తోంది.

అప్పటికి నా ధైర్యం ఎంత ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. లోపల ఒక్క మాట ప్రార్థించి, లైటు ఆర్పేశాను.

"గిదేంది?" అంది ఆఫీసర్.

చెప్పులు విడిచాను. లచ్చుబాయి మాట బుర్రలో తిరుగుతోంది. కలప బండ్లు ఏళ్ల తరబడి తిరిగిన నేల అంత తేలిగ్గా మళ్లీ మామూలు నేల అవదు. కాలితో తడుముతూ ఎడమకు పది అడుగులు, ఇంకో పది. పాదం జారి పల్లంలోకి దిగింది. అటు రెండో కాలు చాపితే, బండి చక్రాల ఎడంలో, రెండో పల్లం. గాడి!

దాన్ని వదలకుండా చీకట్లోనే నడిచాను. ముల్లు గుచ్చుకుంది, ఆగలేదు. కాసేపటికి టార్చి వెలిగిస్తే, ఛాతీ ఎత్తున, ఆకు చాటున, కదలకుండా ఒక మెరుపు.

"కాళ్లు లేవండి దీనికి" అన్నాను.

ఆఫీసర్ నవ్విందని లత తర్వాత చెప్పింది.

ఆ తర్వాత కాలు గాడిలో, కన్ను చెట్టు మీద. బాట ఆగిన చోట పాత టేకు మోడు ఉంది, ఇద్దరు కూర్చునేంత వెడల్పు. దాని నడుమున నల్లబడ్డ సుత్తి ముద్ర. వేళ్ల సందులో చెయ్యి పెట్టి లత స్టీలు టిఫిన్ డబ్బా బయటికి తీసింది. నా వైపు ఒకసారి చూసింది, లైటు మాత్రం తిప్పలేదు. నేను డబ్బాను తెరవకుండానే ఆఫీసర్ చేతిలో పెట్టాను.

ఆమె పుస్తకం తీసి మొదటి పేజీ చదివింది. తర్వాత వచ్చిన ఎనిమిది బృందాల పేర్లు, తేదీలు తిరగేసింది. మళ్లీ మొదటి పేజీకి వచ్చి సంతకం మీద లైటు పెట్టింది. 

"మేడం, ఇది మీరు చింపుతరనుకున్న" అంది.

ఆమె లైటు మాణిక్‌రావు వైపు తిప్పింది.

"ఈయన మొదటి రోజే నాకు చెప్పిండు. డబ్బల పుస్తకం ఉంటది, మొదటి పేజీల నా సంతకం ఉంటది, లేకుంటె నేను అబద్ధమాడినట్టు రాసుకోన్రి అని. మీరొస్తె ఈ సంగతి చెప్పొద్దని నేనే అన్న. దొంగలకు దారి చూపెటోడు సంతకం వెట్టడు." పుస్తకం మూసింది. "పిన్నులన్ని పోంగ పోంగ పీకేయున్రి. పొరపాటు మీదని రాసియ్యున్రి. ఇగ మీదట నడువుడంటె నడువుడే."

మాణిక్‌రావు అప్పటిదాకా వేసిన తాళం తీసినట్టు నోరు తెరిచాడు.

"మేడం, రేపు డ్యూటీకి ఏ దిక్కు పోవాలె?"

"నీ దిక్కే."

లత మోడు మీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు, ముల్లు తీసుకుంటున్నానని చెప్పి కిందికి వంగాను.

మళ్లీ ఇప్పగూడ

తిరుగు దారిలో పిన్నులు పీకి మాణిక్‌రావు దోసిట్లో వేస్తూ వచ్చాం. సీసాలోని మూడూ కలిపితే ముప్పై తొమ్మిది. రెండు దొరకలేదు.

శనివారం పొద్దున్నే లేచాను. ఆయనతో మాట్లాడాల్సింది చాలా ఉంది. మొదటి రోజు గడగడా అప్పజెప్పిన క్షమాపణ ఒక లెక్కలోది కాదని రాత్రంతా అనిపించింది. ఇప్పుడు నెమ్మదిగా, ఆయన కళ్లలోకి చూసి చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే ఇంటి కోసం ప్రార్థన చేయాలి. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వాకిట్లోకి వచ్చాను. దండెం ఖాళీగా ఉంది.

"మాణిక్‌రావు గారు లేరా అమ్మా?"

లచ్చుబాయి పొయ్యి ముందు రొట్టె తిప్పుతోంది. తల ఎత్తనే లేదు.

"డ్యూటీకి పోయిండు. పొద్దుగూకే దాక రాడు. కూసో, చాయ్ తాగు."